పొరల మాస్టారు ఆర్పని పొయ్యి

సాయంత్రం ఆరు కొట్టేసరికి ఆమె పెరటి గుమ్మంలో పీట వేసుకుని కూర్చునేది. ఒళ్ళో భర్త చొక్కా ఉండేది. మోచేతి మడతల్లో, జేబు అంచున, ఒక్కోసారి కాలరు వెనక కూడా చిన్న చిన్న టేపు ముక్కలు అతుక్కుని ఉండేవి. గోటితో కొస లేపి ఒక్కొక్కటే ఊడదీస్తే గాని చొక్కాను నీళ్ళలో వేసేది కాదు. టేపుతో పాటు ఉతికితే జిగురు గుడ్డంతా పాకి ఇస్త్రీపెట్టెకు పట్టుకుంటుంది. మొదట్లో అలాగే రెండు మంచి చొక్కాలు మసిగుడ్డలయ్యాయి. ఆ ముక్కల మీద పెన్సిలు రాసినట్టు బూడిదరంగు మెరుపు ఉండేది. చేతికి అంటితే రెండు రోజులకు గాని పోయేది కాదు.

పధ్నాలుగేళ్ళు అదే పని. ఇప్పుడు నాలుగు నెలలుగా చొక్కా లేదు. అయినా ఆరు కొడుతుంది, ఆమె లేస్తుంది, పీట వేస్తుంది, కూర్చుంటుంది. కూర్చున్నాక గుర్తొస్తుంది. కూతురు రెండు మూడుసార్లు చూసి పీట తీసి అటక మీద పెట్టనా అని అడిగింది. వద్దంది. పని లేకపోయినా ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదా.

ఆయన్ను ప్రయోగశాలలో అందరూ పొరల మాస్టారు అనేవారు. ఆయన ఎక్కడా పాఠం చెప్పింది లేదు. పదో తరగతి లెక్కల్లో తప్పి, ఆరేళ్ళు గడియారాలు బాగుచేసే కొట్టులో కూర్చున్నాడు. కంట్లో భూతద్దం బిగించుకుని, ఊపిరి బిగబట్టి, చీమ కాలంత చక్రాలను చిమ్టాతో పట్టి కూర్చే పని. జనం గడియారాలు బాగుచేయించుకోవడం మానేశాక కొట్టు మూతపడింది. ఆ కొట్టుకు వచ్చే ఒక సారు, నీ చెయ్యి వణకదయ్యా అని, అద్దాలు తుడవడానికి తమ ప్రయోగశాలలో పెట్టించాడు. అక్కడి సూక్ష్మదర్శినుల అద్దాలు తుడవడం అంటే పసిపిల్ల కళ్ళలో కాటుక దిద్దడం లాంటిదని ఆయన చెప్పేవాడు. ఎనిమిదేళ్ళు తుడిచాడు.

ఆ తర్వాత అక్కడ కొత్త పని మొదలైంది. నల్లగా మెరిసే ఒక రాయి ఉంటుంది. దాని పేరు మాలిబ్డినం డైసల్ఫైడు. ఆ పేరు ఆమె నోరు తిరగక ఇంట్లో నల్లరాయి అనే అనుకునేవారు. ఆ రాయి పొరలు పొరలుగా ఉంటుంది. టేపు అతికించి లాగితే కొన్ని పొరలు లేచి వస్తాయి. ఆ టేపునే మడిచి విప్పితే అవి రెండుగా చీలతాయి. మళ్ళీ మడిచి మళ్ళీ విప్పితే ఇంకా పల్చనవుతాయి. చివరికి గోరంత సిలికాన్ ముక్క మీద అద్ది తీస్తే, ఎక్కడో ఒక మూల ఒకే ఒక్క పొర మిగులుతుంది. మూడు అణువుల మందం, అంతే. ఆ గోరంత ముక్కను వాళ్ళు చిప్ అంటారు. చదువుకున్న పిల్లలు నెలల తరబడి టేపులు చింపి, తలలు బాదుకుని, ఆ ఒక్క పొర దొరక్క ఏడిచేవారట. ఆయన పక్కన అద్దం తుడుస్తూ చూసి చూసి, ఒకరోజు వాళ్ళు టీకి వెళ్ళినప్పుడు తానే ఓ టేపు మడిచాడు. వాళ్ళు తిరిగొచ్చేసరికి అలాంటి ఒంటి పొరలు మూడు దొరికాయి. ఆ రోజు నుంచి అద్దాలు తుడిచే గుడ్డ ఇంకొకరి చేతిలోకి పోయింది.

దొరికిన పొరను కనిపెట్టడం ఇంకో ఎత్తు. నీడకు నీడలా ఉంటుందని చెప్పేవాడు. చిప్ మీద ఊదారంగు వెనక, ఉందా లేదా అన్నట్టు. ఆమె నవ్వి, “కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. మీరు ఎలుకంత రాయిని తవ్వి ఎలుక నీడను పడుతున్నారు” అనేది. ఆ మాట ఆయన ప్రయోగశాలలో చెబితే పెద్దసారు కూడా నవ్వాడట. పెద్దసారంటే ఆ విభాగానికి అధిపతి. మాట తోచనప్పుడు కళ్ళజోడు తీసి తుడుచుకునే మనిషి.

ఆ పని వల్ల ఇంట్లోనూ కొన్ని కట్టుబాట్లు వచ్చాయి. ఆయన ఉదయం బయల్దేరే ముందు ఇల్లు ఊడవకూడదు. దుమ్ము ఆయన మీద పడకూడదు. నూగు లేచే తువ్వాలు వాడకూడదు. మొహానికి పౌడరు లేదు, చేతికి నూనె లేదు. ఆమె అక్క చూడ్డానికి వచ్చినప్పుడల్లా, “మీ ఇంట్లో ఉండేది మొగుడా, ఆపరేషన్ చేసే డాక్టరా?” అని దెప్పేది. అసలు ఆమె ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. ఐదో తరగతితో చదువు ఆగింది. ఆయన చెప్పేవన్నీ వినేది, అర్థమైనంతవరకు దాచుకునేది.

ఇంతకీ ఆ ఒక్క పొర కోసం అంత పాట్లెందుకని ఒకనాడు భోజనాల దగ్గర అడిగింది. అది వెలుగుతుంది కాబట్టి అన్నాడు. రాయి వెలగడమేమిటంది. ఆయన ఎడమ చేత్తో గాల్లో రెండు మెట్లు గీశాడు.

“వెలుతురు తగిలిందనుకో, లోపల ఒక ఎలక్ట్రాను ఉలిక్కిపడి లేచి పై మెట్టు ఎక్కుతుంది. అది కూర్చున్న చోటు ఖాళీ అయింది కదా. ఆ ఖాళీ ఊరుకోదు. పోయినదాన్ని తన వైపు లాగుతూనే ఉంటుంది.”

“ఖాళీ లాగడమేంటండీ, చోద్యం కాకపోతే.”

“లాగుతుందే. రెండూ ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతాయి. ఆ జంటనే మావాళ్ళు ఎక్సైటాన్ అంటారు. చివరికి లేచినది మళ్ళీ ఖాళీలో పడుతుంది. పడేటప్పుడు ఎర్రటి వెలుగొకటి వస్తుంది. అంతే, జంట లేదు.”

“ఎంతసేపుంటాయేం కలిసి?”

“నువ్వు రెప్ప వేసేలోపు కోట్ల జంటలు పుట్టి పోతాయి.”

“మనమే నయం” అందామె, ఆయన పళ్ళెంలో ఇంకొంచెం వడ్డిస్తూ.

రాయి మందంగా ఉంటే ఆ వెలుగు రాదని కూడా ఆ రోజే చెప్పాడు. మందపు రాయిలో మెట్లు ఎదురెదురుగా ఉండవు. పైకెక్కింది తిన్నగా దిగలేక దిక్కులు చూస్తూ ఉంటుంది. పైగా చుట్టూ పొరలన్నీ మూగి ఉంటే, సంతలో భార్య పిలిస్తే భర్తకు వినపడనట్టు, ఆ లాగుడు నీరసిస్తుంది. ఒక్క పొరలో అడ్డం ఎవరూ లేరు కాబట్టి లాగుడు గట్టిది, దిగడం తిన్ననిది. అయినా అక్కడా చిక్కులు లేకపోలేదు. పొరలో అక్కడక్కడా ఒక అణువు ఊడిపోయి గుంటలుంటాయి. జంట ఆ గుంటలో పడితే వెలుగు లేకుండానే అణగారిపోతుంది, కాస్త వేడి తప్ప ఏమీ రాదు. ఇంకోటి, పిలవని పేరంటానికి వచ్చిన చుట్టంలా మూడో ఎలక్ట్రాను ఒకటి జంటను పట్టుకు వేలాడుతుంది. అప్పుడూ వెలుగు మసకే. అందుకే పొర దొరికినంత మాత్రాన పండగ కాదు, వెలిగే పొర దొరకాలి. ఆ తర్వాత రోజుల్లో ఆయన ఇంటికి రాగానే ఆమె మంచినీళ్ళిస్తూ, వెలిగిందా అని అడిగేది. ఎక్కువ రోజులు తల అడ్డంగా ఊపేవాడు.

వెలిగింది ఆ ఏటి పదిహేడో చిప్.

ఆయన చేసిన చిప్‌లన్నిటి మీద పరీక్షలు చేసేది ఒక అమ్మాయి. నాలుగేళ్ళుగా అక్కడే పరిశోధన చేస్తోంది. ఆ చిప్‌ను కెమెరా కింద పెట్టి, యంత్రం పాడైందనుకుని మూడుసార్లు ఆపి పెట్టిందట. మిగతావాటికి పదింతల వెలుగు. దాని మీద పరిశోధన పత్రం రాశారు. వాళ్ళ భాషలో పేపరు. రాసినవాళ్ళ వరసలో నాలుగో పేరు పొరల మాస్టారిది. లెక్కల్లో తప్పిన మనిషి పేరు పెద్దసారు పేరుకు రెండు పేర్ల దూరంలో అచ్చయింది. ఆ కాగితం మడతపెట్టకుండా అట్టల మధ్య పెట్టి ఇంటికి తెచ్చి, కూతురి చేత చదివించుకుని, మళ్ళీ అట్టల మధ్య పెట్టాడు. ఆ రోజు ఆయన మొహంలో ఉండాల్సినంత సంతోషం లేకపోవడం ఆమె ఒక్కతే చూసింది. ఎందుకో ఆమెకు తెలుసు.

మూడు వారాల తర్వాత, ప్రయోగశాలకు వెళ్ళే బస్సులో, కిటికీ పక్క సీట్లో కూర్చుని ఉండగానే పోయాడు. ఆఖరి స్టాపులో కండక్టరు భుజం తట్టి లేపబోయాడు.

ఆ తర్వాత నాలుగో నెలలో ఆ అమ్మాయి ఇంటికి వచ్చింది. చెప్పులు గుమ్మంలో విడిచి, కుర్చీ అంచున కూర్చుని, ఇచ్చిన నీళ్ళు తాగకుండా గ్లాసు చేతిలోనే పెట్టుకుంది. కళ్ళ కింద నల్లబడి ఉంది. ఏదో చుట్టూ తిప్పి మొదలుపెట్టి చివరికి అసలు మాటకొచ్చింది. వేరే చోట ఉన్న ప్రయోగశాలవాళ్ళు పేపరులో చెప్పినట్టే చేసి చూశారట. రాలేదట. ఉత్తరం రాశారు. అప్పుడు తానూ చేసి చూసింది.

“మాస్టారు ప్రయోగాలు రాసిపెట్టిన పుస్తకంలో ఉన్నట్టే చేశాను పిన్నిగారూ. నూట పది డిగ్రీల వేడి, ముప్పై నిమిషాలు. అరవై రెండు చిప్‌లు చేశాను. ఒక్కటీ వెలగలేదు.”

ఆ పదిహేడోది ఏమైందని ఆమె అడిగింది. దాని మీద లేజరు ఎక్కువై మాడిపోయిందట. ఇక చూపించడానికి కూడా ఏమీ లేదు. ఈ నెలాఖరులోగా తేలకపోతే పేపరు వెనక్కి తీసుకుంటానని పెద్దసారు చెప్పేశారు.

“తీసుకుంటే తీసుకున్నారు, నా చదువు ఇంకో రెండేళ్ళు వెనక్కి పోతుంది, అంతే. కానీ అక్కడ కొందరు...” అని ఆగింది. “మాస్టారు ఏదో కలిపి ఉంటారు, లేకపోతే వేరే చిప్ తెచ్చి పెట్టి ఉంటారు అంటున్నారు. నేను అనడం లేదు పిన్నిగారూ. ఇంట్లో ఆయన కాగితం ఏదైనా ఉందా? చిన్న చీటీ అయినా సరే.”

కాగితాలేవీ లేవని ఆమె చెప్పింది. అది నిజమే. చెప్పాల్సింది కాగితం మీద లేదు. అమ్మాయి వెళ్ళాక తాగని నీళ్ళు మొక్కకు పోసింది.

ఆమెకు తెలిసింది ఇది.

చిప్ మీద పొర అద్దాక, తేమ పోవడానికి కరెంటు పలక మీద పెట్టి వేడిచేస్తారు. దాన్ని ఆయన పొయ్యి అనేవాడు. అంతకు ముందు ఏడాది ఎవరో విద్యార్థి ఆ పొయ్యి ఆర్పకుండా పోతే బల్ల సగం కాలింది. అప్పట్నుంచి కొత్త నియమం వచ్చింది. పొయ్యి ఆర్పకుండా వెళ్ళినవాళ్ళకు మళ్ళీ లోపలికి ప్రవేశం లేదు. ఆ నోటీసు గుండ్రటి అక్షరాలతో రాసి గోడకు అంటించింది ఆయనే. పిల్లల్ని రోజూ హెచ్చరించేదీ ఆయనే.

ఒకనాడు మధ్యాహ్నం వంటింట్లో ఆమెకు కళ్ళు తిరిగాయి. గట్టు పట్టుకుని కింద కూర్చుని, ఇక లేవలేనేమో అనిపించి, ఎప్పుడూ చేయనిది ఆ రోజు ఆయన పని వేళలో ఫోన్ చేసింది. మూడున్నర. ఏమండీ, నాకేదోలా ఉంది అని మాత్రం అనగలిగింది. ఆయన పదిహేడో చిప్‌ను అప్పుడే పొయ్యి మీద పెట్టాడు. దుమ్ము పడకుండా దాని మీద గాజు మూత బోర్లించాడు. ఆ తర్వాత ఏం చేశాడో ఆయనకే తెలియదు. తెల్ల కోటు కూడా విప్పకుండా ఆటోలో వచ్చి పడ్డాడు. రక్తం తక్కువై పడిపోయిందని ఆసుపత్రిలో చెప్పి సూది వేసి పంపారు. పొయ్యి సంగతి ఆయనకు మర్నాడు పొద్దున పళ్ళు తోముకుంటుంటే గుర్తొచ్చింది. నోట్లో నురగతోనే నిలబడిపోయాడు. అందరికన్నా ముందు, ఏడున్నరకే వెళ్ళి ఆర్పాడు. బల్లకు ఏమీ కాలేదు. పొయ్యి ఉన్న మూలకు ఆ సాయంత్రం ఎవరూ పోలేదు, ఎవరూ చూడలేదు. పుస్తకంలో ముప్పై నిమిషాలు అని రాశాడు.

ఆ చిప్ వెలుగుతుందని ఆయన అనుకోలేదు. వెలగకుండా ఉంటే ఆ అబద్ధం అక్కడే చచ్చిపోయేది. వెలిగింది. అప్పుడు చెప్పాలంటే నోరు రాలేదు. తన నోటీసు తన నెత్తినే పడింది. ఇంటికి వచ్చి పీట మీద ఆమె పక్కనే కూర్చుని, “ఒక అబద్ధం రాశానే” అన్నాడు. ఎవరికీ నష్టం లేకుండా, మనిషిని కాపలా పెట్టి, ఇంకోసారి అన్ని గంటలూ పెట్టి చూసి, వచ్చిందని రూఢి చేసుకుని అప్పుడు పెద్దసారుతో చెబుతానన్నాడు. రేపు, ఎల్లుండి అనుకుంటుండగానే పేపరు వెళ్ళిపోయింది, అచ్చయింది. ఆ తర్వాత బస్సు.

రాత్రి భోజనాలయ్యాక కూతురికి చెప్పింది. కూతురు మందుల కొట్టులో పనిచేస్తుంది. రోజంతా చీటీలు చూసి మందులిచ్చే పిల్ల కాబట్టి పుస్తకంలో తప్పు రాయడం అంటే ఏమిటో తెలుసు. విని, చేతిలో దువ్వెన పక్కన పెట్టింది.

“నాన్న లేడు. ఇప్పుడు నాన్న అబద్ధం రాశాడని నువ్వే వెళ్ళి చెబుతావా?”

“చెప్పకపోతే మోసం చేశాడంటారు కదే.”

“అది వాళ్ళ అనుమానం. ఇది నీ సాక్ష్యం. రెంటికీ తేడా లేదా అమ్మా?”

తేడా ఉంది. అది ఆమెకూ తెలుసు. అనుమానం నాలుగు రోజులు నోళ్ళలో నాని పోతుంది. సాక్ష్యం కాగితం మీదికెక్కి కూర్చుంటుంది. చెబితే అబద్ధాలకోరు, చెప్పకపోతే మోసగాడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మూడు రోజులు ఇంటిపని చేస్తూనే ఉంది, చేసినదేదీ గుర్తులేదు. ఉప్పు రెండుసార్లు వేసింది. ఉతికిన దుప్పటి మళ్ళీ నానబెట్టింది. మూడో రోజు సాయంత్రం ఒక సంగతి మాత్రం తేల్చుకుంది. ఆయన చెబుతానన్నాడు. చెప్పననలేదు. వాయిదా వేశాడు, అంతే. ఆ వాయిదా ఇప్పుడు తన మీద పడింది.

నాలుగో రోజు వెళ్ళింది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆ గది లోపలికి ఆమె వెళ్ళడం అదే మొదటిసారి. చెప్పుల మీదికి నీలం సంచుల్లాంటివి తొడిగించారు. లోపల చల్లగా ఉంది, ఏదో మోటారు ఒకే స్థాయిలో గొణుగుతోంది. ఆయన స్టూలు మీద ఎవరో బ్యాగు పెట్టారు. ఆమెను చూసి తీసేశారు. గోడ మీద నోటీసు అలాగే ఉంది. ఆ గుండ్రటి అక్షరాలు చూడగానే చెప్పకుండా వెనక్కి వెళ్ళిపోదామా అనిపించింది. పెద్దసారు కుర్చీ వేయించాడు. అమ్మాయి పక్కన నిలబడింది.

ఆమె ఎక్కడా ఆగకుండా, ఎవరి మొహమూ చూడకుండా, ఫోన్ చేసిన దగ్గర్నుంచి పళ్ళు తోముకున్న దగ్గర దాకా చెప్పింది.

పెద్దసారు కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టాడు. తుడుస్తూనే ఉన్నాడు. ముందు మాట్లాడింది అమ్మాయే.

“పిన్నిగారూ, మూడున్నర నుంచి ఏడున్నర దాకానా? కచ్చితంగానా?”

“ఫోన్ చేసేటప్పుడు గోడ గడియారం ఎదురుగానే ఉందమ్మా. పొద్దున ఆయన ఏడింటి బస్సుకి వెళ్ళారు.”

అమ్మాయి అరచేతిలో పెన్నుతో పదహారు అని రాసుకుంది. “మూత? మూత గట్టిగా బిగించారా, ఊరికే బోర్లించారా?”

“బోర్లించారు. లోపలికి గాలాడుతూనే ఉంటుందట.”

అమ్మాయి పెద్దసారు వైపు తిరిగి ఏదేదో చెప్పింది. ఆమెకు కొన్ని మాటలే అందాయి. గుంటలు, గాలి, నెమ్మదిగా. ఆ తర్వాత ఆమెకు అర్థమయ్యేలా చెప్పింది. గాలిలోని ఆక్సిజన్ ఆ గుంటల్లో ఒక్కొక్కటిగా వెళ్ళి కూర్చుంటే జంటలు అందులో పడి నాశనం కావు, అదనంగా వేలాడే ఎలక్ట్రాన్లూ తగ్గుతాయి. సన్నటి వేడి మీద దానికి చాలా గంటలు పట్టి ఉండొచ్చు. అరగంటలో అయ్యే పని కాకపోవచ్చు. నానబెట్టినట్టా అని ఆమె అడిగింది. అలాంటిదే అంది అమ్మాయి. పెద్దసారు అప్పటికి కళ్ళజోడు పెట్టుకున్నాడు.

“మాస్టారు నాతో చెప్పి ఉంటే నేనేమీ అనేవాణ్ణి కాదమ్మా” అన్నాడు.

అనేవాడో లేదో ఇప్పుడెవరు చెప్పగలరు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం పెద్ద చదువులవాళ్ళకూ తప్పదు.

ఆ సాయంత్రమే ఆరు చిప్‌లు పొయ్యి మీద పెట్టారు. కాపలా మనిషితో పాటు అమ్మాయీ కూర్చుందట. మర్నాడు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. ఆరింటిలో నాలుగు వెలిగాయి. పదింతలు కాదు, ఏడింతలు, ఎనిమిదింతలు. చాలు అంది అమ్మాయి. ఇంకేదో అనబోయి ఆపేసింది. ఆమె మంచిదమ్మా అంది. ఫోన్ పెట్టాక సంతోషం వస్తుందేమోనని కాసేపు చూసింది. ఒళ్ళంతా బరువెక్కింది తప్ప ఏమీ రాలేదు. ఇన్నాళ్ళూ కాళ్ళు ఎలా మోశాయో అనిపించి మంచం పట్టె మీద కూర్చుండిపోయింది.

పేపరు వెనక్కి తీసుకోనక్కర్లేదు, దిద్దితే సరిపోతుందన్నారు. దిద్దడానికి ఆధారంగా ఆమె చేత ఒక ఉత్తరం కావాలన్నారు. మీ మాటల్లోనే రాయండి చాలు అన్నారు. ఆమె ఒక పూటంతా కూర్చుని రాసింది. రాయడం అలవాటు తప్పిన చెయ్యి. అక్షరాలు గీత దాటి పోయాయి. ‘ఆ రోజు నాకు కళ్ళు తిరిగి ఫోన్ చేశాను. మా ఆయన కంగారులో పొయ్యి ఆర్పడం మరిచి వచ్చేశారు. మర్నాడు పొద్దున ఆర్పారు. భయపడి పుస్తకంలో ముప్పై నిమిషాలని రాశారు. అది తప్పని ఆయనకు తెలుసు. నాతో చెప్పి బాధపడ్డారు.’ ఇంతే. కింద సంతకం. ఆఫీసు జవాను వచ్చి తీసుకెళ్ళాడు.

మర్నాడు పెద్దసారే స్వయంగా ఫోన్ చేశాడు. మంచిగానే మాట్లాడాడు. ఉత్తరం అందిందన్నాడు, చదివి మనసు పాడైందన్నాడు. తర్వాత మెల్లగా సంగతి చెప్పాడు. దిద్దిన పేపరులో మరిచిపోయారని ఉంటే పైన ఉన్న కమిటీ ఊరుకోదు. భద్రతా నియమం తప్పినట్టు రికార్డులో పడుతుంది. పైగా, పొరపాటున జరిగినదానికి రాసినవాళ్ళ వరసలో పేరు ఉంచడం కష్టం. కింద కృతజ్ఞతల్లోకి దింపమంటారు.

“అదే మాస్టారు కావాలనే ఎక్కువసేపు పెట్టి చూశారు, పుస్తకంలో ఎక్కించడం మాత్రం మరిచారు అని రాశారనుకోండి. అప్పుడది ఆయన కనిపెట్టిన పద్ధతి అవుతుంది. నాలుగో పేరు నాలుగో పేరుగానే ఉంటుంది. ఒక్క ముక్క మార్చి మళ్ళీ రాసివ్వండమ్మా. రేపు పదింటికి జవాను వస్తాడు.”

ఆమె అలవాటు కొద్దీ సరే సార్ అంది.

సాయంత్రం కూతురు కొట్టు నుంచి వచ్చి సంగతి విని, ఇన్నాళ్ళకు మొహం విప్పింది. పెద్దసారు మంచివాడంది. తానే తెల్ల కాగితాలు తెచ్చి, కింద అట్ట పెట్టి, పెన్ను గీకి చూసి బల్ల మీద పెట్టింది. తాను రాసిపెట్టనా, నువ్వు సంతకం చేద్దువు గాని అని కూడా అడిగింది. ఆమె వద్దంది. తన మాటల్లోనే ఉండాలన్నారు కదా అంది.

పొద్దున కూతురు పనికి వెళ్ళాక కాగితం ముందు కూర్చుంది. ఆయన పేరు నిలవాలనే వరకు ఆలోచన సాఫీగానే సాగింది. లెక్కల్లో తప్పిన మనిషి. అట్టల మధ్య పెట్టుకొచ్చిన కాగితం. అది పోకూడదు. ఆ మాట నిజం. పెన్ను పట్టుకుని, ఆ రోజు మూడున్నరకు మా ఆయన, అని మనసులో అనుకుంది. మా ఆయన కావాలనే. అక్కడ ఆగింది.

కావాలనే పెట్టి ఉంటే ఆయన ఆ గదిలోనే ఉండి ఉండాలి. తెల్ల కోటుతో ఆటో దిగింది ఎవరు? వంటింటి గచ్చు మీద తన తల ఒళ్ళో పెట్టుకుని, ఏమైందే, ఏమైందే అని నాలుగుసార్లు అడిగింది ఎవరు? ఇన్నేళ్ళలో ఆ మనిషి చేసిన పని మరిచిపోవడం అదొక్కసారే. ఆ ఒక్కసారి ఎందుకు మరిచిపోయాడో ఆమెకు తెలుసు. అది తన కోసం జరిగిన మరుపు, తనది. పేపరులో నాలుగో పేరుకు బదులుగా ఇవ్వగలిగిందేనా అని చాలాసేపు చూసుకుంది. ఆయనే ఉంటే ఏమనేవాడో తేలలేదు. పేరంటే ఆయనకు ఇష్టమే. ఆ సంగతీ ఆమె తన దగ్గర తాను దాచుకోలేదు.

గడియారం తొమ్మిదీ ముప్పావు చూపించింది. బల్ల మీద కాగితం గాలికి కొస లేస్తోంది. ఆమె పెన్నుకు మూత పెట్టి, కూరగాయల సంచీ తీసుకుని, తలుపు దగ్గరగా లాగి తాళం వేసింది. జవాను వచ్చి రెండుసార్లు తలుపు తట్టి వచ్చిన దారినే పోతాడు. పెద్దసారు దగ్గర ఆమె మొదట రాసిన ఉత్తరమే ఉంటుంది. కాగితం మీద ఒక్క అక్షరం కూడా రాయలేదు. బజారు అయ్యాక కూడా తొందరపడి ఇంటికి రాకూడదనుకుంటూ మెట్లు దిగింది.